నీళ్ళ సూది

"అంబలి తేట తాగించినావా?" అంది గున్నమ్మ, పిల్ల పొట్ట మీది చర్మం పట్టి చూస్తూ. వేళ్ళు వదిలినా ఆ మడత అలాగే నిలబడిపోయింది.

"సూదేసినావు గదప్పా! మరి అంబలేటికి?" అంది పిల్ల తల్లి దాలమ్మ. "నిన్నట్నుంచి ఏటీ పట్టనేదు. ముందల పట్టిందల్లా ఇరోసనాలై బయటికే పోతన్నాది."

గున్నమ్మ గబగబా పొయ్యి మీద అంబలి పెట్టింది.

సాలూరు పై కొండల్లోని ఆ జాతాపు గిరిజనుల గూడెంలో మందులపాక సర్కారు కట్టించింది కాదు. గూడెం వాళ్ళే వెదుళ్ళు నరికి వేసుకున్నారు. ఇంటింటా చోళ్ళు, అంటే రాగులు, పోగుచేసి, సంతలో అమ్మి, మందులు తెచ్చుకుంటున్నారు. తమ పిల్లే కదా అని గున్నమ్మను దిగువకు పంపి, నర్సమ్మ దగ్గర పని నేర్పించారు. తీరా ఆమె వచ్చి బిళ్ళలిస్తే ఒక్కరి కంటికీ ఆనలేదు. సూది లేని మందేమిటన్నారు. మేకల్ని అమ్ముకుని మరీ సంతలో సూదులు పొడిచేవాడి దగ్గరికి పరుగెత్తారు. పాక మూతపడేలా ఉంది. అప్పుడు గున్నమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు సూదిలోకి ఎక్కించింది. సూది పడితే ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతో బిళ్ళలు మింగమన్నా, అంబలి పట్టమన్నా వింటారు అనుకుంది. ఛీ, ఏం తెలివి!

చోడంబలి తేటలో ఉప్పు కలిపి తనే చెంచాతో పోసింది. పిల్ల మింగి, కక్కింది. మళ్ళీ పోసింది. నిన్న సూది పొడిచి, "అయిపోనాది బుల్లీ" అని బుజ్జగించింది కూడా తనే. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది.

ఇంతలో గూడెం పెద్ద ఎర్రన్న మోకాలు పట్టుకుని కుంటుతూ పాకలోకి వచ్చాడు. గున్నమ్మ చెంచా దాలమ్మకిచ్చి లేచింది.

"ఒసే కోడలా, మొన్నేసినావు సూడు, ఆ సూదే ఎయ్యే. బాగా పన్సేసినాది."

"ఎయ్యను మావా."

"అదేటే?"

"అందులో మందు నేదు. ఇన్నాళ్ళూ మీ అందరికీ ఉత్త నీళ్ళే పొడిసినాను."

ఎర్రన్న మోకాలి మీది చెయ్యి తీసేశాడు. "మరి మాం గుమ్మం గుమ్మం తిరిగి సోళ్ళు అడిగింది నీళ్ళకేటే?"

 

"అప్పా," అంది వెనకనుంచి దాలమ్మ. "మా పిల్లకేసిందో?"

"అదీ నీళ్ళేనే."

దాలమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఆపకే!" అని అరిచింది గున్నమ్మ. "ముందల పిల్లకి పొయ్యి. నన్ను తరవాత కొడుదువు గాని."