కడిగిన నీళ్ళలో వెండి

“సమీనా, మీ అత్తమ్మ పారబోసే నీళ్ళలో వెండి ఉందమ్మా.”

వనపర్తి కాలేజీ నుంచి రాధ మేడమ్ చేసిన ఫోన్ అది. సమీనా చేతిలోని గరిటె చారులో పడిపోయింది. పడితే పడనీ అనుకుంది. పెళ్ళై గద్వాల వచ్చి రెండు నెలలైంది. తను చదివిన కెమిస్ట్రీ ఈ వంటింట్లోకి వచ్చి పలకరించడం ఇదే మొదలు.

ఆ ఇంటి వ్యాపారం పాత జరీ. చిరిగిన పట్టుచీరల అంచులు కాల్చి, బూడిద దంచి, నీళ్ళలో కడిగి వెండి తీస్తారు. కొనేదీ అమ్మేదీ మామ నబీ సాబ్. దంచేదీ కడిగేదీ అత్త మెహబూబీ, ఇరవై ఆరేళ్ళుగా. “పిండిలెక్క దంచు” అన్నది ఆయన హుకుం. తూకం తగ్గితే మాత్రం, చుట్టాల ముందే, “దీని చేతులకు బర్కత్ లేదు, ఏదీ కలిసిరాదు” అనేవాడు. నిఖా అయిన నాలుగో రోజే సమీనా ఆ మాట విన్నది. అత్త అరచేతులు కొంగులో దాచుకోవడం చూసింది. “అబ్బాకు అలవాటు, నువ్వు పరేషాన్ కాకు” అని భర్త వసీం నవ్వాడు. నవ్వితే ఎంతో బాగుంటాడు గానీ ఆ రోజు బాగా లేడు. వెండి ఖనిజాన్ని మరీ మెత్తగా నూరితే సన్నటి రేణువులు అడుగుకు దిగక నీళ్ళతో పోతాయని మేడమ్ చెప్పిన పాఠం అప్పుడే గుర్తొచ్చింది. ఒకే బూడిదను మెత్తగా ఒకసారి, గరుకుగా ఒకసారి దంచి, కడిగిన నీళ్ళను రెండు సీసాల్లో పోసి వసీంతోనే మేడమ్‌కు పంపింది. మెత్తగా దంచినదాని సీసాలోనే వెండి బాగా ఉందట. రెండోదాంట్లో జాడ మాత్రమే ఉందట.

పెరట్లోకి పరుగెత్తి అత్తకు చెప్పింది.

“అయితే నా చేతులది కాదా బేటీ?”

“కాదు అమ్మీ. మెత్తగ దంచుడుది.”

“ఇంకోపారి చెప్పు.”

మూడుసార్లు చెప్పింది, ముందరి గదిలో కూర్చున్న మామకు వినపడేలా.

అన్నం దగ్గర నబీ సాబ్ గొంతు సవరించుకున్నాడు. “నేను గూడ గట్లనే అనుకుంటున్న. రేపటి సంది జర గరుకుగ దంచు” అన్నాడు భార్యతో. మెహబూబీ తల ఊపబోయింది.

సమీనా చారు వడ్డిస్తూ నవ్వింది.

“ఎంత గరుకో అమ్మీ చేతికే ఎరుక అబ్బాజాన్. రేపు పొద్దున రోలు కాడ మీరు గూడ కూసోవాలె. అమ్మీ చెప్తది, మీరు దంచుతరు.”