మగ్గం నేర్పిన చూపు

సిద్దిపేట శివారులో మరమగ్గాల షెడ్డు. గేటు ముందు అంజవ్వను నిలబెట్టి, మేనేజర్ కర్ణాకర్ ఫోన్లో చూసి చదివాడు: "సంఘ వ్యతిరేక స్వభావం. జాలి లేదు. దూకుడు ఎక్కువ. ఇవాళ్టి నుంచి పనికి రావద్దు."

జాలి లేదట. మొన్నామధ్య పక్క మగ్గం లిడియా చెయ్యి బెల్టులో పడితే ఉరికిపోయి కరెంటు ఆపింది అంజవ్వే. కొంగు చింపి కట్టు కట్టిందీ, బెల్టులకు మూతలు ఎందుకు పెట్టలేదని సేటును నిలదీసిందీ ఆమే.

ఆ తర్వాతే సేటు ఈ తీర్పు చెప్పే కెమెరా తెప్పించాడు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే, అది మొహం, చూపు, గొంతు కొలిచి ఎవరు ప్రమాదకరమో చెబుతుందట. చదువుకునే తమ్ముళ్లూ, రేపు అది మీ కాలేజీకీ వస్తుంది.

నేనూ ఆ షెడ్డులోనే మగ్గం నడుపుతాను. ఆ మోతలో మాట వినపడదు. మేం గట్టిగా అరుస్తాం, ఎదుటివాళ్ల పెదాలను కన్నార్పకుండా చూస్తాం. ఇంటికి పోయినా అదే అలవాటు. అంజవ్వ గొంతు దానికి దూకుడైంది, చూపు కర్కశమైంది. దాన్ని తయారు చేసిన మహానుభావులు ఒక్కపూటైనా మగ్గాల మధ్య నిలబడ్డారా? నాకు ఒళ్లు మండిపోయింది.

భోజనాల వేళ అందరం షెడ్డు వెనక చేరాం.

"మిషినే చెప్పినంక మనమేం జేస్తం?" అన్నాడు దుబ్బయ్య.

"భివండిల మగ్గం నడిపి నడిపి నా గొంతు గూడ గట్లనే అయింది," అన్నాడు నాగేశ్. "ఇయ్యాల అంజవ్వ, రేపు నేను, ఎల్లుండి నువ్వు. బెల్టు సంగతి అడిగినోళ్లకే గీ పేరు వెడుతున్రు."

చెయ్యి నయం కాకముందే సేటు పనికి పిలిపించిన లిడియా లేచింది. "జాలి లేనిదెవలకో నాకెర్కే. అక్క లోపటికొచ్చేదాంక నేను మగ్గం ముట్ట."

మగ్గాలన్నీ ఆగిపోయాయి.

సేటు పోలీసులను పిలిచాడు. ఎస్సై జీపు దిగి, "లీడర్ ఎవడు?" అన్నాడు. అందరం ఆయన పెదాలనే చూస్తూ నిలబడ్డాం.

"ఏంది గా చూపు? తలకాయలు దించున్రి."

ఎవరూ దించలేదు. మధ్యాహ్నం జంకిన దుబ్బయ్యే ముందుకొచ్చాడు. "పని నేర్పిన చూపు సార్ గిది. అంజవ్వ మగ్గం కాడికి రావాలె. బెల్టులకు మూతలు రావాలె."

ఆమే లీడరని కానిస్టేబుళ్లు గేటు బయటున్న అంజవ్వను జీపు ఎక్కించారు.

"మమ్ముల గూడ ఎక్కించున్రి," అన్నాం అందరం, మగ్గాల మోతను దాటే గొంతుతో. జీపు సరిపోదు కదా. దాని ముందూ వెనకా నడుస్తూ స్టేషన్‌కు బయలుదేరాం. మా అరుపులకు పక్క షెడ్డులో ఒక మగ్గం ఆగింది, తర్వాత ఇంకొకటి.