అంకెల వైపు డొల్ల

ఆ ఇంటి అల్లుడు తన కీబోర్డును పాతసామాను కొట్లో, ఇనుప తుక్కు కింద నుంచి లాగి తెచ్చుకున్నాడు. కంపెనీ పేరు దాని మీద ఉంది గానీ, ఆ పేరు ఎవరూ విన్న పాపాన పోలేదు. ఒకప్పటి తెలుపు పసుపుకు తిరిగింది. ఎత్తితే ఇటుక బరువు. తెచ్చిన రోజే మీటలన్నీ ఊడబీకి సబ్బునీళ్ళలో నానబెట్టాడు. అదీ అన్నం గిన్నెలోనని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అడిగినా అడక్కపోయినా దాని గుణగణాలు చెప్తాడు. ప్రతి మీట కిందా విడిగా ఒక స్ప్రింగు. సగం నొక్కగానే టక్కుమని వేలికి తెలుస్తుంది. అక్షరాలు పైన అద్దినవి కావు, ప్లాస్టిక్‌లోనే పోసినవి, వేళ్ళు అరిగినా అవి అరగవు. "ఇప్పటి కీబోర్డులా? నానిన అట్ట మీద కొట్టినట్టుంటుంది" అంటాడు. అయితే చవక సరుకు చవక సరుకే. కాకిపిల్ల కాకికి ముద్దు గనక అతను చెప్పడు గానీ, కుడి చివర, విడిగా అంకెల మీటలున్న వైపు, అడుగున రెండు మరలు లేవు. అక్కడ లోపలి ఇనపరేకు దేనికీ ఆనదు. ఒక్క అంకె కొడితే చాలు, ఖాళీ డబ్బాలో గోళీలు పోసినట్టు గలగలమంటుంది.

ఇల్లు రెండు గదులు, ఒక హాలు. ఒక గదిలో అతని బల్ల. పక్క గదిలో భార్య పగలు పడుకుంటుంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. హాల్లో మంచం మీద ఆవిడ తండ్రి. లారీ తోలి తోలి అలిసిన మనిషి, మధ్యాహ్నం కునుకంటే ప్రాణం. విచిత్రమేమిటంటే, ఆ టకటకలు లేకపోతే కూతురికి నిద్ర రాదు. "ఆ చప్పుడు వినిపిస్తుంటే ఇంట్లో ఒకరి పని నడుస్తోందని ధైర్యం. కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి" అంటుంది.

అల్లుడిది ఇంటి నుంచే ఒక కంపెనీకి బిల్లుల్లోని మొత్తాలు కంప్యూటర్లో ఎక్కించే పని. బిల్లులను తనంతట తనే చదువుకునే ప్రోగ్రామొకటి తెచ్చుకుని, ఆ కంపెనీ ఇతన్ని పొమ్మంది. మనిషన్నవాడు ఇంట్లో చెప్పొద్దూ? చెప్పలేదు. ఇంకో పని దొరికాక రెండూ కలిపి చెబుదామనుకున్నాడు. ఆలోగా ఆవిడ నిద్ర చెడకూడదని రోజూ టంచనుగా కూర్చుని కొట్టేవాడు. ముందు ఉద్యోగాలకు అర్జీలు. అవి అయిపోయాక ఆ కీబోర్డు గురించే పేజీలకు పేజీలు. "స్పేస్‌బారు కుడి కొస కొంచెం ఊగుతుంది. అయినా మనసు మంచిది." ఇదీ వరస.

అలాగే సాగిపోయేది. కానీ ఆ రోజు పొద్దున్న డ్యూటీ దిగొచ్చి, చెప్పులు విప్పుతూ భార్య అంది: "ఇక నా వల్ల కాదండీ. నడుం పడిపోతోంది. ఈ రాత్రి వెళ్ళి మానేస్తున్నానని చెప్పేస్తాను. మీ పని ఉందిగా, కొన్నాళ్ళు గడవదా?"

"గడుస్తుంది" అన్నాడు. ఆ నోరు పడిపోయినా బాగుండేది.

మధ్యాహ్నం ఆవిడ పడుకుంది. అతను మొదలుపెట్టాడు. స్ప్రింగులు ఎప్పటిలాగే పలికాయి. మామగారు వచ్చి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు.

"ఈ మధ్య నాకు మధ్యాహ్నం మంచి నిద్ర పడుతోంది అల్లుడూ."

"సంతోషం మామయ్యగారూ."

"సంతోషమేమిటి నా మొహం! ఎందుకు పడుతోందా అని ఇవాళ ఆలోచించాను. ఆ డబ్బా చప్పుడు లేదు. ఇదివరకు అది నన్ను చంపుకు తినేది."

అతను కొడుతూనే ఉన్నాడు.

"లెక్కల పని అన్నావు. అంకె లేకుండా లెక్కేమిటయ్యా?"

అతనికప్పుడు తట్టింది. దొంగపనిలోనూ వేలి సుఖం చూసుకున్నాడు మహానుభావుడు! కమ్మగా పలికే అక్షరాల వైపే కొట్టాడు గానీ, ఆ డొల్ల వైపు చెయ్యి పోనివ్వలేదు.

"పని పోయింది మామయ్యగారూ" అన్నాడు చేతులాపకుండా. "ఒక్క వారం ఆగండి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. తనతో మాత్రం చెప్పకండి."

"నేను చెప్పను. రాత్రికి అది మానేస్తుంది. అప్పుడు నువ్వూ ఇంట్లోనే, అదీ ఇంట్లోనే. నేనెలాగూ ఇంట్లోనే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు."

"ఇప్పుడెలా చెప్పను? నిద్రపోతోందిగా."

"చెయ్యి తియ్యి" అన్నారాయన. "అదే లేస్తుంది."

అతనికి నిజంగా భయం వేసింది. రాస్తున్న వాక్యం పూర్తి చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి పక్క గదిలో మంచం కిర్రుమంది.

"ఏమైందండీ? ఆగిపోయిందేం?" జుట్టు ముడేసుకుంటూ ఆవిడ వచ్చి తలుపుకి ఆనుకుంది.

"ఉద్యోగం పోయింది. నెల దాటింది. నువ్వు మానేయకు" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

ఆవిడకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి ఇన్నాళ్ళూ ఏం కొడుతున్నారు?"

అతను తెర ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ నిలబడే చదివింది. పేజీలు జరుపుకుంటూ చివరిదాకా చదివింది.

"స్పేస్‌బారు మనసు మంచిదట నాన్నా" అంది. "ఇంత రాశారు, నా నడుం గురించి ఒక్క ముక్క లేదు."

మామగారు స్టూలు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "రాత్రికి డ్యూటీకి పోవాలి. నాకిప్పుడు నిద్ర కావాలి. కొట్టండి."

"ఏం కొట్టను?"

"ఏదో ఒకటి ఏడవండి. అది లేనిదే నిద్ర రాదు, ఏం చెయ్యను నా ఖర్మ!" అని వెళ్ళి తలుపు వేసుకుంది.

అతను మళ్ళీ మీటల మీద వేళ్ళు ఆనించాడు. ఆవిడ నడుం గురించి మొదలుపెట్టాడు. ఆ నొప్పి ఎన్నేళ్ళ నుంచి ఉందో రాయబోతే అంకె కావలసొచ్చింది. లెక్కలు కొట్టిన చెయ్యి, అలవాటు కొద్దీ కుడివైపుకే పోయింది. గలగలమంది. హాల్లో మామగారు ఒక నిట్టూర్పు విడిచి, తలగడ తీసి చెవి మీద పెట్టుకున్నారు.