ఉప్పు చార లేని చొక్కా

"ఉప్పేసిన మజ్జిగ పాపమని ఏ వాక్యంలో ఉందో చూపించు మరి," అంది వీరమ్మ, చేతిలో చెంబు కింద పెట్టకుండా.

"పొద్దు గూకాక ఇయ్యి. అందాకా చుక్క దిగకూడదు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?" ఇమ్మానియేలు గొంతు పెంచాడు.

"పరిగెత్తేది అది. చెట్టు నీడన కూర్చుని వాచీ చూసుకునేవాడికి దాహమేం తెలుస్తుంది?"

మంచంలోంచి అత్త సుబ్బరావమ్మ కిసుక్కున నవ్వింది. "అట్టా అడుగు. గుడిలో రొట్టె పంచేదాకా ఆగలేక గుక్కపట్టి ఏడ్చేవాడు వీడు."

క్రిస్టీనా బూటు లేసులు బిగించుకుంటూ, "వద్దులే అమ్మా," అంది. నాలుక పిడచకట్టి ఆ రెండు మాటలూ పొడిగా వచ్చాయి.

ఈ పిల్ల ఒకప్పుడు తన నీడకి తనే జడిసేది. బస్సులో ఎవడైనా మీద మీద పడితే నోరెత్తలేక మధ్యలో దిగి నడిచొచ్చేది. అందుకే, కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు నేర్పిస్తానని ఇమ్మానియేలు అన్నప్పుడు ముందు సంబరపడింది వీరమ్మే. పరుగు పిల్లని మార్చింది. నడుమూ నిలబడింది, చూపూ నిలబడింది. ఒకరోజు బస్సులో ఒకడి చెయ్యి పట్టుకుని, "తియ్యి," అందట. ఆ ముచ్చట మిరపకాయలు ఏరే చోట వీరమ్మ అందరికీ చెప్పుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాసాల శ్రమదినాలు మొదలయ్యాక ఒక ఆదివారం ఇమ్మానియేలు గుడిలో లేచి సాక్ష్యం చెప్పాడు. "ఈ దినాలన్నీ నా కూతురు పొద్దుగూకేదాకా నీళ్ళు ముట్టకుండా ఎండలో పరిగెడుతుంది. శరీరం లొంగితే ఆత్మ గట్టిపడుతుంది." సంఘమంతా ఆమెన్ అంది. పిల్లని ఒక్కమాట అడిగింది లేదు. సంఘం ముందు అన్న మాట, వెనక్కి తీసుకునేదెట్టా?

తండ్రీ కూతురూ వెళ్ళాక వీరమ్మ బట్టలు ఉతకడానికి కూర్చుంది. క్రిస్టీనా టీషర్టు వీపు మీద ఎప్పుడూ తెల్లగా ఉప్పు చారలుండేవి. గోటితో గీరితే రాలేవి. నిన్న విడిచిన చొక్కాకి చార లేదు. తిరగేసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమట వాసనైనా లేదు. చెమట పట్టడానికి పిల్ల ఒంట్లో నీళ్ళుంటేగా!

చొక్కా అక్కడే పడేసి కల్లం వైపు పరుగు తీసింది.

కూలీలు అన్నాలకి వెళ్ళారు. పరిచిన మిరపకాయల మీద ఎండ సెగలు కక్కుతోంది. ఆ ఘాటుకి గొంతు పట్టేస్తోంది. తుమ్మచెట్టు కింద ఇమ్మానియేలు, కల్లం చుట్టూ క్రిస్టీనా. వేగం తగ్గలేదు గానీ పాదాలు దారి తప్పుతున్నాయి. వీరమ్మ అడ్డంపోయి చెయ్యి పట్టుకుంది. పెనంలా కాలుతున్న ఆ చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"చలేస్తోందమ్మా," అంది పిల్ల.

"దాన్ని మాట్లాడించకు! మనసు జారేది ఇక్కడే," ఇమ్మానియేలు లేచాడు. "ఇంకొక్క చుట్టు, క్రిస్టీ. సంఘమంతా చూస్తోంది."

కల్లంలో కాకులు తప్ప ఎవరూ లేరు.

క్రిస్టీనా చెయ్యి విడిపించుకుంది. నాలుగడుగులు వేసి కాయల మీద బోర్లా పడింది.

వీరమ్మ కేక ఊరి చివరిదాకా వినబడింది. కూలీల నీళ్ళబాన ఎత్తి పిల్ల మీద కుమ్మరించింది. కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఇమ్మానియేలు గుప్పిట్లో స్టాప్ వాచీ పట్టుకుని నిలబడిపోయాడు. దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

ఆర్ఎంపీ ఇంటికొచ్చి సెలైన్ పెట్టాడు. "ఇంకాస్తయితే గుంటూరు తీసుకెళ్ళినా దక్కేది కాదు," అన్నాడు వెళ్తూ.

పొద్దు వాలుతోంది. ఇమ్మానియేలు తల్లీకూతుళ్ళని చాప మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, నా బిడ్డ బలహీనతని క్షమించు. రేపటి నుంచి మళ్ళీ..."

వీరమ్మ నోరు తెరవబోయింది. క్రిస్టీనా ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. సూది గుచ్చిన చోట దూది ఇంకా అంటుకునే ఉంది. తర్వాత మజ్జిగ చెంబు అందుకుని, నాన్న కళ్ళు తెరిచేదాకా ఆగి, ఆయన చూస్తుండగా తాగింది. గోడ మీద ఇంకా ఎండ ఉంది.

"సంఘంలో నన్ను అబద్ధికుణ్ణి చేస్తావా?" అన్నాడు ఇమ్మానియేలు.

సుబ్బరావమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఈసారి నవ్వలేదు.

"పరుగు మానను నాన్నా," అంది క్రిస్టీనా, ప్రార్థన చేసే గొంతుతోనే. "నీళ్ళు తాగే పరిగెడతా. ఆ మాట ఆదివారం గుడిలో నేనే లేచి చెబుతా."