శుభ్రంగా వచ్చిన మెయిలు

ఆ ఇంటి పెద్దకోడలికి మరిది మీద నమ్మకం లేదు. కోపం కాదు, పగ అసలే కాదు. అతను నవ్వితే ఎందుకు నవ్వాడో, ఊరుకుంటే ఎందుకు ఊరుకున్నాడో లోలోపల ఆరా తీసుకోవడం ఆవిడకు అలవాటైపోయింది. ఇంట్లో అందరూ అతన్ని తిరకాసు అనే పిలుస్తారు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి, మళ్లీ బిగించి, ముళ్లు వెనక్కి తిరిగేలా చేశాడట. అప్పుడు అతుక్కున్న పేరు పెద్దవాడై ఉద్యోగంలో చేరాక కూడా ఊడలేదు.

వాళ్లది కోళ్ల టీకాల వ్యాపారం. ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక కోల్డ్‌రూమ్. కంపెనీ నుంచి వచ్చిన టీకా సీసాలను అందులో పెట్టి, పొద్దున్నే థర్మాకోల్ పెట్టెల్లో ఐసు మధ్య సర్ది, వ్యానులో కోళ్లఫారాలకు పంపిస్తారు. లోపల ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. దాటితే సీసాలోది మందు కాదు, వట్టి నీళ్లు. ఆ నీళ్లు పట్టించిన ఫారంలో తెగులు వస్తే షెడ్డుకు షెడ్డే తుడిచిపెట్టుకుపోతుంది.

రాత్రిపూట కోల్డ్‌రూమ్ బాధ్యత ఆవిడ భర్తది. ఒకసారి తలుపు సరిగ్గా వేయక ఒక అరలోని సరుకంతా పాడుచేశాడు. అప్పటినుంచీ మామగారు ఏ చిన్న తేడా వచ్చినా ఒకటే మాట: "ఇంకోసారి ఇలా జరిగితే తాళాలు చిన్నాడి చేతిలో పెడతాను."

మరిది కోల్డ్‌రూమ్ గోడకు చిన్న కంప్యూటరు బిగించింది ఆ గొడవ తర్వాతే. అరచేతిలో పట్టే పెట్టెంత ఉంటుంది. దాని తీగ ఒకటి లోపలికి వెళ్లి వేడి కొలుస్తుంది. నల్లటి తెర మీద అతను ఏవో నాలుగు కమాండ్లు కొట్టి వదిలేశాడు. రోజూ తెల్లవారుజామున, రాత్రి లోపల వేడి ఎంతదాకా పోయిందో అదే లెక్కగట్టి ఇంట్లో అందరికీ మెయిలు పంపుతుంది. ఎనిమిది లోపుంటే సబ్జెక్టులో "కోల్డ్‌రూమ్ క్షేమం", దాటితే "కోల్డ్‌రూమ్ ప్రమాదం". తనకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులోనే రావాలని మామగారు పట్టుబట్టారు.

మొదటి మెయిలు వచ్చిన రోజు ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఫోను దూరంగా పట్టుకున్నారు. సబ్జెక్టులో ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన గీతలున్న ఇంగ్లీషు 'ఎ' అక్షరాలు, వాటి పక్కన చిన్న చిన్న డిగ్రీ సున్నలు, మధ్యమధ్య ప్లస్సులూ మైనస్సులూ.

"ఇన్ని డిగ్రీలేంట్రా? అది కోల్డ్‌రూమా, కొలిమా?"

తిరకాసు పగలబడి నవ్వాడు. "అవి డిగ్రీలు కాదు నాన్నా, మన అక్షరాలే. దారిలో రూపం మారిపోయాయి. లోపల అంకె చూసుకోండి, అంకె ఎక్కడికీ పోదు. సబ్జెక్టు సంగతి నేను చూస్తాలే."

చూడలేదు. ఉద్యోగం దగ్గర గది తీసుకుని మకాం మార్చాడు. ఆదివారం ఆదివారం వస్తాడు, తింటాడు, కాసేపు నడుం వాలుస్తాడు, పోతాడు. మెయిళ్లు మాత్రం అదే గజిబిజితో రోజూ వస్తూనే ఉన్నాయి.

బాగుచేయడం తెలిసినవాడు ఎందుకు బాగుచేయడు? పెద్దకోడలికి ఇదే పట్టుకుంది. గజిబిజి చివర ఒక్కోరోజు ఒక్కోలా ఉన్నట్టు కూడా ఆవిడకు అనిపించింది. ఒకరోజు ఉండబట్టలేక భర్తను అడిగింది.

"ఆ పిచ్చిగీతలు మనకు అర్థం కాకూడదనే పెట్టాడంటారా?"

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆలోచించాడు. "ఏమో. నేను ఎప్పుడు పడుకుంటున్నానో, ఎప్పుడు తలుపు తీస్తున్నానో వాడికి చేరేసే గుర్తులేమో. తాళాల మీద వాడికీ కన్నుందిగా."

ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగింది. తర్వాతి ఆదివారం మరిది షెడ్డులోకి వెళ్తే ఏదో పని ఉన్నట్టు తనూ వెనకే వెళ్లింది. అతను కంప్యూటరు మీద దుమ్ము ఊది, "బాగానే ఉంది" అని వచ్చేశాడు. ఏం బాగానే ఉంది, ఎవరికి బాగానే ఉంది అని ఆవిడ సాయంత్రందాకా తర్కించుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే, భర్త సర్ది ఉంచిన పెట్టెలు వ్యానుకు ఎక్కిస్తూ ఆవిడ ఫోను చూసుకుంది. మెయిలు వచ్చింది. సబ్జెక్టులో గుండ్రటి తెలుగు అక్షరాలు: కోల్డ్‌రూమ్ క్షేమం. లోపల నాలుగు పాయింటు ఒకటి. హమ్మయ్య, ఇన్నాళ్లకు బాగుచేశాడు అనుకుంది. వ్యాను వెళ్లిపోయింది.

ఖాళీ ట్రేలు లోపల పెడదామని కోల్డ్‌రూమ్ తలుపు తీసింది. తలుపుకు వేలాడే ప్లాస్టిక్ పట్టీలు ఎప్పుడూ చలికి బిగుసుకుని భుజానికి గట్టిగా తగిలేవి, ఆ రోజు మెత్తగా జారాయి. ఫ్యాను పక్క గొట్టం మీద ఎప్పుడూ ఉండే తెల్లటి మంచుపొర లేదు. కింద నేల తడిగా ఉంది. అట్టపెట్టెల అడుగులు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. గోడ మీది థర్మామీటరు మాత్రం ఆరు చూపిస్తోంది. ఆరంటే వంక పెట్టడానికి లేదు.

భర్త వంటింటి గట్టు దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు.

"రాత్రి కరెంటు పోయిందా?"

"కాసేపు పోయింది. జనరేటరు వేశాగా."

"ఇవాళ మెయిలు తెలుగులో వచ్చింది."

"తమ్ముడు బాగుచేసుంటాడు. అక్కడ కూర్చునే అన్నీ చేస్తాడుగా వాడు."

జవాబు చప్పున వచ్చింది. చూపు మాత్రం గ్లాసు మీంచి లేవలేదు.

ఆవిడ పెరట్లోకి వెళ్లి మరిదికి ఫోను చేసింది. ఇవాళ అతను దొరికిపోతాడని లోపల ఒక ఉత్సాహం కూడా ఉంది.

"ఏం బాబూ, చెప్పాపెట్టకుండా సబ్జెక్టు బాగుచేశావే?"

"నేనా? నేనేం ముట్టుకోలేదు వదినా."

"తిరకాసు మాటలొద్దు. తెలుగులో వచ్చింది, నా కళ్లతో చూశాను."

"ఉండండి, నాకూ వచ్చుంటుందిగా." కీబోర్డు చప్పుడు వినిపించింది. మళ్లీ మాట్లాడినప్పుడు అతని గొంతులో నవ్వు లేదు.

"వదినా, ఇది మన కంప్యూటరు డబ్బా పంపింది కాదు."

"ఎలా చెప్పగలవు?"

"శుభ్రంగా ఉంది కాబట్టే. తెలుగు అక్షరాలు మెయిలు సబ్జెక్టులో ఉన్నవి ఉన్నట్టుగా పంపకూడదు. ఇంగ్లీషు అక్షరాల్లో మూటగట్టి, ఇది ఫలానా లిపి అని పైన చీటీ అంటించాలి. ఫోన్లు ఆ పని వాటంతటవే చేస్తాయి. నేను రాసిన కమాండు చెయ్యదు, అలాగే గిరాటేస్తుంది. చీటీ లేని మూటని మన ఫోను తోచినట్టు చదువుకుంటుంది, అందుకే ఆ డిగ్రీలూ అవీ. ఇవాళ్టి దానికి చీటీ ఉంది. ఎవరో ఫోన్లోంచి పంపారు."

"నువ్వే పంపి, నేను కాదంటున్నావేమో."

అతను నొచ్చుకున్నట్టు లేదు. "సరే, నన్ను నమ్మొద్దు. షెడ్డులోకి వెళ్లి ఆ తెర వెలిగించి చూడండి. వేడి ఎంతో టైముతో సహా వరసగా రాసుకుంటూ పోతుంది అది. రాత్రివి ఉన్నాయో లేవో మీరే చూసి చెప్పండి."

ఆవిడ వెళ్లి చూసింది. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు కిందకి దిగుతూ వచ్చాయి. ఇంట్లో అందరూ పడుకునే వేళకు వరస తెగిపోయింది. మళ్లీ మొదలయింది తెల్లవారాక. తెగిన చోట నాలుగు. మొదలైన చోట పద్నాలుగు.

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, ఆ అంకెలు చదివి వినిపించింది. "కరెంటు లేక డబ్బా కూడా ఆగిపోయింది వదినా," అన్నాడు మరిది నెమ్మదిగా. "మెయిలు వెళ్లేది ఏ ఖాతాలోంచో, దాని పాస్‌వర్డు నాకు తెలుసు. ఇంకా..." అని ఆగిపోయాడు.

ఆ 'ఇంకా' ఎవరో ఆవిడకు తెలుసు. అయినా ముందు వ్యాను డ్రైవరుకు చేసింది.

"ఎక్కడున్నావు?"

"మొదటి ఫారం గేటు ముందున్నానమ్మా. హారన్ కొట్టబోతున్నా."

"కొట్టకు. వ్యాను తిప్పేయి."

"అదేంటమ్మా? లోపల డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు. ఏమని చెప్పను?"

"మా అమ్మగారు తప్పుడు పెట్టెలు ఎక్కించిందని చెప్పు. ఒక్క సీసా కూడా దించకు."

వంటింట్లోకి వచ్చేసరికి భర్త గ్లాసు కడుగుతున్నాడు. ఎప్పుడూ కడగనివాడు.

"జనరేటరు వేశారా?"

అతను కుళాయి కట్టేయలేదు. "డీజిలు లేదు. నిన్న తెద్దామనుకున్నాను, మర్చిపోయాను. కరెంటు ఎప్పుడు పోయిందో నాకు మెలకువ రాలేదు. లేచేసరికి అప్పుడే వచ్చింది. కాసేపు చల్లబడితే మళ్లీ మామూలే అయిపోతుందిలే అనుకున్నా."

"మెయిలు?"

"రాకపోతే నాన్న అడుగుతాడుగా."

"మరి మీ తమ్ముడి పేరెందుకు చెప్పారు?"

అతను ఇటు తిరిగాడు. మొహంలో పశ్చాత్తాపం కంటే అలసటే ఎక్కువ కనిపించింది. "నీకు వాడంటే ఎలాగూ అనుమానమేగా."

ఆవిడ చేయి చాపి కుళాయి కట్టేసింది. తను నెలల తరబడి పెంచిన అనుమానాన్ని పక్కన పడుకునే మనిషి ఇంత తేలిగ్గా వాడుకున్నాడు. దానికి నీళ్లు పోసింది కూడా అతనే.

"మావయ్యగారికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అతనే చెప్పాడు. మామగారు అరవలేదు. కుర్చీలోంచి లేవకుండా చేయి చాపారు. పెద్దకొడుకు తాళాలు ఆ చేతిలో పెట్టాడు. అవి చిన్నవాడికి వెళ్తాయని అందరూ అనుకున్నారు. ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకున్నారు, అంతే. ఆ తర్వాత చాలా రోజులు, ట్రే ఒకటి బయటికి తేవాలన్నా ఆయన నిద్రలేచేదాకా ఆగాల్సి వచ్చేది. వ్యాను తిరిగొచ్చింది. కంపెనీవాళ్లు వచ్చి కోల్డ్‌రూమ్‌లోవీ వ్యానులోవీ సీసాలన్నీ నాశనం చేయడానికి పట్టుకుపోయారు. ఏ ఫారంలోనూ ఒక్క కోడిపిల్లకూ అవి అందలేదు. అదొక్కటే ఊరట.

ఆదివారం మరిది వచ్చాడు. ముందు షెడ్డులోకి వెళ్లి, కమాండుకు లిపి చీటీ అంటించే పని పూర్తి చేశాడు. టీ చల్లారేలోగా అయిపోయింది.

"ఇంత చిన్న పనిని ఇన్నాళ్లు నానబెట్టాను. నాదీ తప్పే వదినా."

"నీ గురించి లేనిపోనివన్నీ అనుకున్నాను," అంది ఆవిడ.

"తెలుసు. నాకు టీ ఇచ్చి, నేనే అందులో ఏదో కలుపుతానన్నట్టు గ్లాసు వంకే చూసేవారుగా."

ఇద్దరూ నవ్వారు. భర్త వసారాలో చెప్పులు తుడుచుకుంటున్నాడు, ఆ నవ్వు విని కూడా లోపలికి రాలేదు.

మరిది మీద అనుమానం పోయింది. కానీ ఆవిడలోంచి అనుమానం పోలేదు, కాస్త పక్కకు జరిగింది. భర్త వీధి తలుపు గడియ పెట్టానంటే ఆవిడ ఏదో వంకతో అటు నడిచేది. డీజిలు తెచ్చానంటే డబ్బా ఎత్తి బరువు చూసేది. ప్రతిసారీ అతను చెప్పిందే నిజమయ్యేది. అయినా మర్నాడు కాళ్లు వాటంతటవే అటు వెళ్లేవి.

ఒక సాయంత్రం అతను వంటింట్లోంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"గ్యాస్ కట్టేశాను," అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేకుండా, "వెళ్లి చూసుకో," అన్నాడు.

ఆవిడ లేచి వెళ్లి చూసింది.