ఎట్లాగూ పోతున్నవ్ గద

"మోతి కాళ్లు వాచినయ్, చూసినవా?" అన్నాడు మంగీలాల్, మంచం మీద నుంచే.

ద్వాలి చూడకుండా ఎట్లా ఉంటుంది? పొద్దున లేచి ఆ గుర్రం కింద లద్దె ఎత్తేది ఆమె. ఉలవలు ఉడకబెట్టి పెట్టేది, గడ్డి కోసుకొచ్చి వేసేది, పీచుతో ఒళ్లు రుద్ది కడిగేది ఆమె. అయినా జూలూరుపాడు దగ్గరి ఆ తండాలో దాన్ని అందరూ మంగీలాల్ గుర్రం అనే అంటారు. ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా ఎక్కడ పెండ్లి బరాత్ జరిగినా ఆ తెల్ల గుర్రాన్నే అడుగుతారు. జరీ గుడ్డ కప్పి, మెడలో గజ్జెలు కట్టి, కళ్లెం మొగుడి చేతికి ఇచ్చేదాకా పని ద్వాలిది; అక్కడి నుంచి పెండ్లి వీడియోల్లో కనబడేది మంగీలాల్. శ్రావణంలో తల్లాడలో ఒక పెండ్లి చేసి, గుర్రాన్ని ట్రాలీ ఆటోలో ముందు పంపి, తాను తాగి బండి మీద వెనక వస్తూ మలుపులో పడ్డాడు. కాలిలో రాడ్ వేశారు. అప్పటి నుంచి మనిషి మంచంలో, గుర్రం కొట్టంలో.

"డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి జల్దీ. గుర్రం పోతే మన బతుకు పోతది."

ఫోన్ చేసింది. చేస్తూ చేస్తూ తన కాళ్లు చూసుకుంది. అవి వాచడం మొదలై ఏండ్లయింది. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని ఆమెది. పొయ్యి ముందు నిలబడి వండి, నిలబడి వడ్డించి, వంగి గిన్నెలు తోమి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడితే సాయంత్రానికి పట్టీల గుర్తులు కండలోకి దిగిపోయేవి. ఒకసారి మొగుడితో చెప్పుకుంది కూడా. "పొద్దంతా నిలబడితే వాయవా మరి? జర కూసో," అన్నాడు. ఆ మాటకే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, "కూసునే ముందుగాల చాయ్ పెట్టు," అన్నాడు.

పశువుల డాక్టర్ పద్మప్రియ వచ్చి మోతి కాళ్లు నొక్కి చూసింది. "రోగమేం లేదమ్మా. ఒక్క చోటనే నిలబెట్టి ఉంచితే ఇట్లా నీరు దిగుతుంది. రోజూ తిప్పండి. ఎవరైనా ఎక్కి తిప్పితే ఇంకా మంచిది."

"ఎవరెక్కుతరమ్మా, నేను గిట్ల పడుంటి," అన్నాడు మంగీలాల్. "ఇది నడిపిస్తది తియ్యి."

ఇది అంటే ద్వాలి.

అట్లా ఇంకో పని వచ్చి చేరింది. బడి నుంచి వచ్చి, అత్త మంగ్లికి చాయ్ ఇచ్చి, మొగుడిని లేపి కూర్చోబెట్టి, ఆ తర్వాత కళ్లెం పట్టుకుని బయలుదేరేది. పత్తి చేలు దాటి, వాగు మీది మోరీ దాటి, జామాయిల్ తోట దాకా వెళ్లి వెనక్కి తిరిగేది. మోతికి నడక బాగానే ఉంది. చెవులు ముందుకు పెట్టి, తోక ఊపుకుంటూ నడిచేది. దాని పక్కన ద్వాలి బురదలో చెప్పులు ఊడిపోతుంటే చేత్తో పట్టుకుని, రాత్రికి ఏం కూర వండాలా అని ఆలోచిస్తూ నడిచేది.

ఒకరోజు బడిలో తనతో వంట చేసే గోరి రాలేదు. ఇద్దరి పనీ ఒక్కతే చేసింది. ఆ సాయంత్రం మోరీ దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఇక కదలమన్నాయి. మోరీ గోడ ఎక్కి నిలబడి, చెట్టు కొమ్మకు కళ్లెం కట్టి కాసేపు కూర్చుందామనుకుంది. కట్టేలోపే మోతి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. దాని వీపు ఎదురుగా అరుగులాగా, వెచ్చగా ఉంది. ద్వాలి సవారీ చేద్దామని ఎక్కలేదు. కూర్చుందామని ఎక్కింది.

గుర్రం కదిలింది. ద్వాలి జూలు రెండు చేతులా పట్టుకుంది. "ఆగే, ఆగే తల్లీ," అంది. మోతి ఆగలేదు, పరుగెత్తనూ లేదు. అలవాటైన బాటలో తన మానాన తాను నడిచింది. కొంత దూరం పోయాక ద్వాలికి ఊపిరి ఆడింది. నడుము గుర్రం నడకకు తగ్గట్టు అటూ ఇటూ ఊగుతోంది. కాళ్లు వేలాడుతున్నాయి, వాటి మీద ఏ బరువూ లేదు. ఆమె ఎరిగినంతలో తాను కూర్చుంటే ఇంట్లో అన్నీ ఆగిపోయేవి. పొయ్యి ఆగేది, నీళ్లు ఆగేవి, ఎవరో ఒకరు పిలిచేవాళ్లు. ఇప్పుడు కూర్చుంది, బాట మాత్రం సాగిపోతూనే ఉంది. జామాయిల్ తోట ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. తోట చివర ఎట్లా దిగాలో తెలియక గట్టు మీదకి జారి, మోకాలు గీరుకుపోయి, ఎవరూ చూడలేదు కదా అని నాలుగు దిక్కులా చూసి, అక్కడే కూర్చుని నవ్వుకుంది. నవ్వి కూడా చాలా రోజులైంది.

తర్వాత రోజూ మోరీ దగ్గర ఎక్కడం, తండా కనబడేలోపు దిగడం. జరీ పనితనం ఉన్న జీను పెట్టెలో తాళం కింద ఉంటుంది, అది పెండ్లికొడుకులది. ఆమె పాత బొంతను మడిచి వేసి నవారుతో బిగించుకుంది. చీర కింద బిడ్డ సోని వదిలేసిన ట్రాక్ ప్యాంటు తొడుక్కుంది. సోని ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దానికొక్కదానికే చెప్పింది. సోని ముందు నమ్మలేదు, తర్వాత ఫోన్‌లో ఏవేవో వీడియోలు చూసి రోజూ చెప్పడం మొదలుపెట్టింది. "యాడీ, మడమలు కిందికి వొత్తిపెట్టు. నడుం నిటారుగ ఉంచు. గుర్రం మెడ దిక్కు చూడకు, పొయ్యే దిక్కు చూడు." నలభై దాటిన తల్లికి ఆ చివరి మాటే అన్నిటికన్నా కష్టమైంది. పుట్టిన నాటి నుంచి కిందికి చూసి నడవమన్నవాళ్లే అందరూ.

ఒకసారి ఎదురుగా వచ్చిన బైకు హారన్ కొడితే మోతి బెదిరి పక్కకు దూకింది. ద్వాలి తుంటి మీద పడింది. ఇంటికి కుంటుకుంటూ వచ్చి, బాత్రూంలో కాలు జారిందని చెప్పింది. ఎవరూ ఇంకో మాట అడగలేదు. మర్నాడు ఆ నొప్పితోనే బడిలో అన్నం గుండిగ దించింది, సాయంత్రం మళ్లీ మోరీ గోడ ఎక్కింది. ఎందుకు ఎక్కావని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. ఒళ్లంతా పులిసిపోయి ఉన్నా, పొద్దున లేవగానే ఆ సాయంత్రం మాట గుర్తొచ్చేది, లేవబుద్ధయ్యేది. అంతే.

తండాలో దాగే విషయమా ఇది! పత్తి ఏరడానికి పోయినవాళ్లు చూశారు. ఆ రోజు ఆమె గుర్రాన్ని కట్టేసి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది.

"పెండ్లికొడుకు కూసునే గుర్రం అది. ఆడది ఎక్కిందని తెలిస్తే మనల్ని ఎవడు పిలుస్తడు?"

"మోతి కూడా ఆడదే గద అత్తా."

"మాటలు మంచిగనే నేర్చినవ్," అంది మంగ్లి.

మంగీలాల్ గోడ వైపు తిరిగి పడుకుని అన్నాడు. "గీ వయసుల నీకు సవారీ కావల్నా? తండల నా ఇజ్జత్ ఏం గావాలె?"

తాగి మలుపులో పడ్డ రోజు పోని ఇజ్జత్ ఈరోజు ఎట్లా పోయిందో అడగాలనిపించింది ద్వాలికి. అడగలేదు. జొన్న పిండి కలుపుకుంటూ కూర్చుంది. జవాబులు ఆమెకు ఎప్పుడూ తోచేవి, వాటిని నోటిదాకా మోసుకొచ్చే ఓపికే ఉండేది కాదు.

ఆ వారంలోనే డాక్టర్ పద్మప్రియ మళ్లీ వచ్చింది. మోతి కాళ్లు పట్టి చూసి, "వాపు పూర్తిగా పోయింది. ఎవరు తిప్పుతున్నారు?" అని అడిగింది.

"నేనే. ఎక్కి తిప్పుతున్న," అంది ద్వాలి.

"మానొద్దు. ఇట్లనే తిప్పండి." లేవబోతూ ఆమె ద్వాలి పాదాలు చూసింది. "మీ కాళ్లు కూడా వాచినయ్ గదమ్మా. దవాఖానాలో చూపించుకున్నారా?"

"దాని కాళ్లకేమైతది, పని చేసే కాళ్లు," అంది మంగ్లి. డాక్టర్ ద్వాలి వైపే తిరిగి, "చూపించుకోండి," అని మాత్రం చెప్పి వెళ్లింది.

డాక్టరే చెప్పింది కాబట్టి ఇక ఎవరూ వద్దనలేదు. ద్వాలి పగటి పూటే ఇంటి ముందు నుంచే ఎక్కి వెళ్లింది. తండా పిల్లలు వెంట పరుగెత్తారు. ఆ నాలుగు దినాలు ఆమెకు బాగున్నాయి.

తర్వాత ఒకరోజు మంగీలాల్ పిలిచి, "ఎట్లాగూ పోతున్నవ్ గద, మెడికల్ షాపుల గోలీలు తే," అన్నాడు. తెచ్చింది. మర్నాడు అత్త, "ఎట్లాగూ పోతున్నవ్ గద, గిర్నీల జొన్నలు పట్టించుకురా," అంది. పట్టించుకొచ్చింది. పక్కింటివాళ్లు రేషన్ బియ్యం తెమ్మన్నారు. బడిలో హెడ్మాస్టర్, "నీకు గుర్రం ఉందట కదా ద్వాలీ, వస్తూ వస్తూ అంగడి నుంచి కూరగాయలు కూడా తెచ్చెయ్యి," అని నవ్వాడు. ఎవరూ గద్దించి చెప్పలేదు. అందరూ ఎంతో మంచిగా, ఆమె చేస్తున్న పనిని మెచ్చుకుంటున్నట్టే అడిగారు. ఎక్కొద్దన్న అత్తే ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ, "మా కోడలికి గుర్రం మీద పని జల్దీ అయితది," అని చెప్పుకుంటోంది. ఎక్కొద్దు అన్నప్పుడు దొంగతనంగానైనా ఎక్కగలిగింది. ఇట్లా పొగుడుతుంటే ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు.

కార్తీకంలో పత్తి తీత ముమ్మరమైంది. ఒక సాయంత్రం మోరీ అవతలి చేను దగ్గర పత్తి ఏరేవాళ్లు మోతికి రెండు వైపులా పత్తి బోరాలు కట్టారు. మీద అత్త అడిగిన పిండి సంచీ, పక్కింటి బియ్యం మూట. అన్నీ కట్టి చూస్తే కూర్చునే చోటు లేదు. సరేలే అనుకుని ద్వాలి కళ్లెం పట్టుకుని నడిచింది. మోరీ దాటింది. సగం బాటకు వచ్చాక చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నిలబడితే అప్పుడు తట్టింది, తాను నడుస్తోందని. గుర్రం బరువుతో వంగి ఒగరుస్తోంది, తాను వాచిన కాళ్లతో దాని ముందు నడుస్తోంది. కోపం రాలేదు. కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి. ఏడుపూ రాలేదు. మోతి నుదుటి మీద చెయ్యి వేసి, "నన్ను మోస్తే నీకు బరువనిపించలే గదనే," అంది. ఇంటికి చేర్చి, ఒక్కొక్క మూటా దించి, ఎవరివి వాళ్లకిచ్చి, ఆ రాత్రి కంచం ముందు కూర్చునే కునికింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ద్వాలి కొట్టంలోకి వెళ్లి బొంత వేసి నవారు బిగించింది. మంగీలాల్ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ చప్పుడు విని గుమ్మం దాకా వచ్చాడు. వెనకే మంగ్లి ఖాళీ సంచీ పట్టుకుని వచ్చింది.

"పోతున్నవా? ఎట్లాగూ పోతున్నవ్ గద, గిర్నీకాడ..."

"ఇయ్యాల గిర్నీకి పోను అత్తా," అంది ద్వాలి.

"మరి చేనుకా?" అన్నాడు మంగీలాల్.

"చేనుకు పోను."

"ఎవరన్న రమ్మన్నరా?"

"ఎవరు రమ్మంటరు నన్ను?"

అరుగు మీద కాలు మోపి ఎక్కింది. తుంటి ఇంకా నొప్పిగానే ఉంది. సంచీ అందించబోయిన అత్త చెయ్యి అట్లాగే ఆగిపోయింది. మంగీలాల్ కోపంగా లేడు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. పనికి పోతానంటే పంపేవాడు, గుడికి పోతానంటే గొణిగి పంపేవాడు, అలిగి తల్లిగారింటికి పోతానంటే తిట్టేవాడు. వాటన్నిటికీ అతని దగ్గర మాటలున్నాయి.

"మరి ఏం పని మీద పోతున్నవే?"

"ఏం పని లేదు," అంది ద్వాలి. "ఊకెనే."

"ఊకెనేనా?" అన్నాడు మంగీలాల్. ఆ మాట తాను రోజూ అనేదే, ఆమె నోట ఎన్నడూ విననిది.

"అవ్," అంది. గుర్రం కదిలింది.