మరిగించని రసం

నల్ల ద్రాక్షను కాడల నుంచి దూసీ దూసీ ఆరాధన గోళ్లు ఊదారంగుకు తిరిగాయి. పెళ్లయి పద్నాలుగేండ్లు. నెలనెలా చర్చిలో ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారానికి ముందు ఇదే పని. పిండాలి, కొత్తగుడ్డలో వడకట్టాలి, పొయ్యి ముందు నిలబడి మరిగించాలి, వేడి మీదే సీసాలకు మూతలు బిగించాలి. చొప్పదండి చుట్టుపక్కల చర్చిలన్నిటికీ ప్రభువు బల్ల మీదికి రసం పోయేది ఈ ఊరి నుంచే. మిషన్ దొరలు పెట్టించిన ద్రాక్షపందిళ్లకు ఇప్పుడు రాతికడీలే మిగిలాయి, పండ్లు కరీంనగర్ మార్కెట్ నుంచి వస్తున్నాయి. ఎవరొచ్చినా భర్త వెస్లీ మాత్రం "మా తాత చేతిరసం" అంటాడు.

శ్రీరాంపూర్ చర్చి సంఘం వాళ్లు పాస్టరయ్యగారితో కలిసి ఊరు చూడటానికి వస్తున్నారని తెలిసినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది, వాళ్ల ముందు తన పేరు ఒక్కసారి చెప్పమని. "వంటింటి పనికి పేరెందుకే?" అని అతను నవ్వాడు. అత్త సంతోషమ్మ తల ఎత్తకుండానే, "నేను ముప్పై ఏండ్లు పిండిన. నన్నెవరడిగిండ్రు?" అంది. అది దెప్పడమో, బాధో ఆరాధనకు అర్థం కాలేదు.

నిన్న పొద్దున రసం పొయ్యి మీద పెట్టబోతుంటే వెస్లీ సగం గాజుకూజాలోకి వంపుకున్నాడు. మరిగిస్తే రంగు మాడుతుందట, చూసేవాళ్లకు ఎర్రగా మెరవాలట. మరిగించకపోతే ఈ ఎండకు పులిసి పొంగుతుందని ఆమె చెప్పింది. "నాకే నేర్పుతున్నవా?" అన్నాడు.

ఇప్పుడు ముందుగది నిండా జనం. వెస్లీ తాత గురించి చెప్పుకుంటూనే కూజా వంచాడు. గ్లాసులో నురగ లేచింది. అయ్యగారు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయారు.

"సారా లెక్క వాసనొస్తుంది వెస్లీ. గిది బల్ల మీద పెడ్తరా?"

"బాయి దిగొచ్చినోళ్లకు గిదే మంచిగుంటది అయ్యగారూ," అన్నాడు శ్రీరాంపూర్ వాళ్లతో వచ్చిన మొగిలి, బొగ్గుబావిలో పనిచేసేవాడు. అందరూ నవ్వారు.

వెస్లీ మొహం నల్లబడింది. గడప దగ్గర చాయ్ పళ్లెంతో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "మా ఆరాధన చేసిందయ్యగారూ. ఏందే గిది?"

నలుగురిలో ఆమె పేరు పలకడం అదే మొదలు.

ఆమె పళ్లెం కింద పెట్టింది. వెనక నుంచి సంతోషమ్మ, నిన్న మరిగించి మూత బిగించిన సీసా ఒకదాన్ని కొంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది. వెస్లీ దానికోసం చేయి చాచాడు. ఆరాధన ఆ చేతిని దాటి వెళ్లి సీసా అయ్యగారికిచ్చింది.

"కూజల ఉన్నది ఆయన చేసింది, అయ్యగారూ. మరిగియ్యద్దన్నడు. గిది నేను చేసింది. పద్నాలుగేండ్ల సంది బల్ల మీదికి పోయేది నాది. అంతకుముందు మా అత్తమ్మది."